‘ఎవరి పేషెంటు?’ అని అడిగే చోట పనిచేశాను

ముప్పై ఎనిమిదేళ్ళకే రిటైరయ్యానంటే జనం నాకేదో వ్యాపారం కలిసొచ్చిందనుకుంటారు. కలిసొచ్చింది నడుంనొప్పి. ఏళ్ళ తరబడి మనుషుల్ని స్ట్రెచర్ మీంచి మంచం మీదికి, మంచం మీంచి స్ట్రెచర్ మీదికి మార్చాక నా వెన్నులో ఒక డిస్కు నాకు చెప్పకుండా రాజీనామా చేసింది. దాని వెనకే నేనూ చేశాను.

నేను నర్సుని. ఆసుపత్రిలో మగ నర్సుని ‘బ్రదర్’ అంటారు. పెదకాకాని దగ్గర మా ఊళ్ళో మాత్రం ‘నర్సయ్య’ అన్నారు. అసలు పేరు శ్రీనివాసరావు అని మా అమ్మకీ రేషన్ కార్డుకీ తప్ప ఊళ్ళో ఎవరికీ గుర్తు లేదు. మా నాన్న మిరప రైతు. నేను నర్సింగులో చేరతానంటే కళ్ళంలో కాయలు ఎగదోస్తూ ఆగిపోయాడు.

“మగపుటక పుట్టి సూదులు పొడుస్తావంట్రా?”

“డాక్టరు పొడిస్తే ఒప్పుకుంటావా?”

“డాక్టరు పొడవడ్రా. పొడిపిస్తాడు.”

ఆసుపత్రి గురించి ఇంత పొందికైన నిర్వచనం నాకు ఆ తరవాత ఏ పుస్తకంలోనూ దొరకలేదు.

ఇప్పుడు నర్సింగులో చేరుతున్న పిల్లలు అప్పుడప్పుడూ వచ్చి “పని ఎలా ఉంటుంది బ్రదర్?” అని అడుగుతుంటారు. జీతాల సంగతి, విదేశాల సంగతి చెప్పడానికి వేరేవాళ్ళున్నారు. నేను ఒక్క మాట గురించి చెబుతాను. మీ నోట్లో రోజంతా నలిగే మాట: పేషెంటు. ఆ మాట తలుచుకుంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది. మాట మీద కాదు, దాన్ని మనం పట్టించిన గతి మీద.

సిస్టర్ ఫిలోమినా నల్లబల్ల

తొంభైల చివర్లో నేను చదివింది ఒక మిషన్ ఆసుపత్రి నర్సింగు స్కూల్లో. అక్కడ మాకు వైద్యంలో వాడే పదాలు చెప్పింది సిస్టర్ ఫిలోమినా. కేరళ నుంచి వచ్చిన పెద్ద వయసు కన్యాస్త్రీ. ఆవిడ మలయాళంలో ఆలోచించి, లాటిన్‌లో ప్రార్థించి, తెలుగులో తిట్టేది. తిట్లలో మాత్రం ఉచ్చారణ దోషం ఉండేది కాదు.

మొదటి రోజే అడిగింది. “పేషెంట్ అంటే ఏమి?”

“రోగి సిస్టర్” అన్నాం అందరం.

“కాదు. రోగి అంటే రోగం ఉన్నవాడు. అది అతని దగ్గర ఉన్న వస్తువు సంగతి. పేషెంట్ అంటే అతను చేస్తున్న పని సంగతి.”

బల్ల మీద రాసింది. పాత్సియొర్: ఓర్చుకుంటున్నాను, భరిస్తున్నాను, అనుభవిస్తున్నాను. అది లాటిన్ క్రియ. దాన్నుంచి పాత్సియెన్స్: ఓర్చుకుంటున్న. మనం ‘వస్తున్న’ అనేదానికి ‘వాడు’ తగిలిస్తే వస్తున్నవాడు అనే మనిషి తయారవుతాడు, ‘ఆమె’ తగిలిస్తే ఇంకొకరు తయారవుతారు. లాటిన్‌కి ఆ తగిలింపు అక్కర్లేదు. ఆ విశేషణమే తిన్నగా వచ్చి నామవాచకం కుర్చీలో కూర్చుంటుంది. మగవాడైనా, ఆడదైనా అదే రూపం. ఓర్చుకునే దగ్గర ఆ తేడా చూపించాలని వాళ్ళకి తోచినట్టు లేదు.

తరవాత విభక్తులు. ప్రథమలో పాత్సియెన్స్. ద్వితీయలో పాత్సియెంతెమ్, అంటే ఓర్చుకుంటున్నవాణ్ణి. షష్ఠిలో పాత్సియెంతిస్, ఓర్చుకుంటున్నవాడి యొక్క. చాలామంది ఉంటే పాత్సియెంతేస్. మొదటి రూపంలో దాక్కున్న ‘త’ మిగతా అన్ని రూపాల్లోనూ బయటపడుతుంది. ఫ్రెంచివాళ్ళూ ఇంగ్లీషువాళ్ళూ కలిసి ఆ తోకలు కోసి నడిమి ముక్క పట్టుకుపోయారు: పేషెంట్. మనం దానికి ఒక కొమ్ము తగిలించి తెచ్చుకున్నాం: పేషెంటు.

కాలాలు కూడా ఉన్నాయి. ఓర్చుకుంటున్నవాడు పాత్సియెన్స్ అయితే, ఓర్చుకున్నవాడు పాస్సుస్, ఓర్చుకోబోయేవాడు పాస్సూరుస్. నేను లేచి, “అయితే సిస్టర్, డిశ్చార్జి అయినవాడు పాస్సుస్, అడ్మిషన్ కౌంటర్ దగ్గర నిలబడ్డవాడు పాస్సూరుస్” అన్నాను. క్లాసంతా నవ్వింది. సిస్టర్ నవ్వలేదు.

“శ్రీనివాస్, నువ్వు పాస్సూరుస్. రేపటి నుంచి వారం రోజులు బెడ్‌పాన్ డ్యూటీ.”

ఆ వారం నేను నిండా పాత్సియెన్స్‌ని.

ఆ క్రియలో ఇంకో వింత ఉంది. రూపం చూస్తే ఎవరో ఏదో చేస్తే ఇతని మీద పడ్డట్టుంటుంది. అర్థం చూస్తే తనే పూనుకుని చేస్తున్నట్టుంటుంది. ఇది సిస్టర్ చెప్పినప్పుడు మాకెవరికీ ఎక్కలేదు. చివరికి వంటశాలలో పనిచేసే ఆమె కట్టెలమోపు దింపుతూ “కష్టపడి తెచ్చానమ్మా” అనడం విని సిస్టరే పట్టుకుంది. “చూశారా? మీకు కూడా ఉంది. కష్టపడింది అంటారు. ఎక్కడ పడింది? మోపు తెచ్చింది కదా!” ఆలోచిస్తే నిజమే. మన భాషలో ‘పడటం’ చాలాసార్లు నిలబడి చేసే పనే.

“మంచం మీద ఊరికే పడి ఉన్నట్టు కనిపిస్తాడు” అంది సిస్టర్. “కాని వార్డులో అందరికన్నా ఎక్కువ పని చేసేది అతనే. మీరు సాయానికి వచ్చినవాళ్ళు. పనిచేస్తున్నవాడిని అడగకుండా అతని పనిలో చెయ్యి పెట్టకండి. ఇంకోటి. ‘ఓర్చుకోండి, ఓర్చుకోండి’ అని చెప్పకండి. ఆ పని వాళ్ళు మీకన్నా ముందే మొదలుపెట్టారు.”

అప్పుడు నాకు ఇదంతా పరీక్షలో రాయాల్సిన సమాధానంలా అనిపించింది. ఆవిడ పరీక్షలో అడగలేదు కూడా.

షష్ఠీ విభక్తి

తరవాత నేను చేరింది పల్నాటి వైపు ఒక టౌన్లో ప్రైవేటు నర్సింగ్ హోమ్. పేరు చెప్పను. చెబితే ఒక్కరికే కోపం వస్తుంది. చెప్పకపోతే ఆ వీధిలో ఉన్న యజమానులందరూ తమ గురించే అనుకుంటారు. నాకు రెండోదే న్యాయంగా ఉంది.

అక్కడ గుమ్మంలోకి మనిషి రాగానే రిసెప్షన్ అమ్మాయి అడిగే మొదటి ప్రశ్న “ఏమైంది?” కాదు. “ఎవరి పేషెంటు?”

దాని అర్థం కొత్తవాళ్ళకి తెలియదు కాబట్టి చెబుతాను. ఊళ్ళలో డిగ్రీ లేకుండా సూదీ మందూ ఇచ్చే డాక్టర్లుంటారు. ఆర్‌ఎంపీలంటారు. వాళ్ళందర్నీ తిట్టను. వాన కురిసే రాత్రి తలుపు కొడితే లేచి వచ్చేది వాళ్ళే. అయితే జబ్బు ముదిరితే టౌనుకి ఎవర్ని పంపాలి, ఏ ఆసుపత్రికి పంపాలి అనేది వాళ్ళ చేతిలో ఉండేది. ఆ చేతిని నర్సింగ్ హోములు ఖాళీగా ఉంచేవి కావు. కాబట్టి ప్రతి ఊరూ ఒక ఆర్‌ఎంపీది, ఆ ఊరి జబ్బులన్నీ అతనివి. అతను రాకముందే అతని పేషెంటుకి మనం వైద్యం మొదలుపెడితే అలుగుతాడు. అలిగితే రేపటి నుంచి ఆ ఊరి కడుపునొప్పులన్నీ పక్క వీధికి పోతాయి. అందుకని జీపు దిగిన మనిషి బెంచీ మీద కూర్చుంటాడు. ఆర్‌ఎంపీ బస్సు దిగాక వైద్యం దిగుతుంది.

లాటిన్‌లో షష్ఠి అంటే ఓర్చుకుంటున్నవాడి యొక్క. మంచం అతనిది, నొప్పి అతనిది, ఒళ్ళు అతనిది. మా దగ్గర ఆ విభక్తి తిరగబడింది. ఓర్చుకుంటున్నవాడే ఇంకొకరి సొత్తు.

అక్కడితో ఆగదు. రౌండ్లకి వచ్చినప్పుడు పెద్ద డాక్టరు గారు, అంటే మా యజమాని, మాట్లాడేది కూడా ఆర్‌ఎంపీతోనే. కనిగిరి వైపు నుంచి ఒక ముసలమ్మ వచ్చింది. ఆ వైపు నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువ. మోకాళ్ళు బిగిసిపోయి, నడుం వంగిపోయి ఉంది. డాక్టరు గారు ఆమె మంచం పక్కన నిలబడి, ఆమె తల మీదుగా ఆర్‌ఎంపీని అడిగారు.

“నొప్పి రాత్రిళ్ళు ఉంటుందా, పగలు కూడానా?”

“పగలు కూడా ఉందంట సార్.”

“ఆకలి?”

“తింటుందంట సార్.”

ముసలమ్మ ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. “ఏందయ్యా, నేను చచ్చానా ఏంది? నన్నడగవే? కాళ్ళు పోయినయ్యిగానీ నోరు పోలా.”

డాక్టరు గారు నవ్వి, “మామ్మ హుషారుగా ఉందే” అన్నారు. ఆర్‌ఎంపీతోనే అన్నారు.

ఆ నవ్వు నాకు ఇప్పటికీ ఒళ్ళు మండిస్తుంది. మనిషి నోరు తెరిచి సమాధానం చెబితే అది హుషారు కింద జమకట్టే చోట మీరు పనిచేయబోతున్నారు. తెలుసుకుని వెళ్ళండి.

హిస్టరీ పెళ్ళిపందిట్లో ఉంది

ఇప్పుడు కోటయ్య సంగతి. నేను చెప్పదలుచుకున్నదంతా ఇతని కోసమే.

అవి పత్తిలో పచ్చపురుగు దేనికీ చావని సంవత్సరాలు. ఒక మందుకి చావకపోతే రెండు కలిపేవాళ్ళు. కొట్లో ఆయన ఇంకోటి కూడా చేతిలో పెట్టేవాడు. ఆ రోజుల్లో పురుగుమందు వాసనతో ఆసుపత్రికి ఎవరొచ్చినా, తాగి వచ్చాడనే అనుకునేవాళ్ళం. అలా తాగినవాళ్ళు చాలామందే వచ్చేవాళ్ళు. వాళ్ళ గురించి నేను హాస్యమాడను.

కోటయ్యది వినుకొండ వైపు ఊరు. కౌలుకి తీసుకున్న చేలో పత్తి వేశాడు. ఒక మధ్యాహ్నం అతని భార్య నాగేంద్రమ్మ, పొరుగు చేను రైతూ కలిసి అతన్ని ట్రాలీ ఆటోలో తీసుకొచ్చారు. నేను డ్యూటీకి వచ్చేసరికే అతన్ని లోపల పడుకోబెట్టారు. జరిగింది తరవాత తెలుసుకున్నాను.

రిసెప్షన్‌లో మామూలు ప్రశ్నే పడింది. “ఎవరి పేషెంటు?”

“నా మొగుడమ్మా” అంది నాగేంద్రమ్మ.

“అది కాదు, ఎవరు పంపారు?”

“ఎవరు పంపేదేంది? చేలో పడిపోయాడు, ఎత్తుకొచ్చాం!”

ఊరి పేరు చెప్పాక మేనేజరు లెక్క కట్టాడు: ఆ ఊరు ఆర్‌ఎంపీ సుబ్బారావుది. ఫోన్ చేశాడు. సుబ్బారావు బంధువుల పెళ్ళిలో ఉన్నాడు, వెనక బాజాలు. “వాడా? తాగుంటాడు. పత్తి పోయింది కదా. మీరు ఎక్కడికీ పంపకండి, భోజనాలవగానే వస్తున్నా” అన్నాడు. అతను కోటయ్యని ఆ రోజు చూడలేదు, ఆ వారంలోనే చూడలేదు. కాని మా నర్సింగ్ హోమ్‌కి ఆ మాట చాలు. మేనేజరు లోపలికి వచ్చి “తాగుడు కేసు” అన్నాడు. పెద్ద డాక్టరు గారు ఆపరేషన్ థియేటర్ గుమ్మంలోంచి, “హిస్టరీ తీసుకున్నారా?” అని, అంటే రోగి నోట జబ్బు కథ విన్నారా అని అడిగారు.

“తీసుకున్నాం సార్. సుబ్బారావు గారి దగ్గర.”

మనిషి మంచం మీద ఉన్నాడు. అతని హిస్టరీ పెళ్ళిపందిట్లో పులిహోర తింటోంది.

తాగినవాడికి చేసే వైద్యం మొదలైంది. ముక్కులోంచి గొట్టం వేసి కడుపు కడిగారు. విరుగుడుగా అట్రోపిన్ సూదులు మొదలుపెట్టారు. ఈ విషానికి నోట్లో నురగ కారుతుంది, ఒళ్ళంతా చెమట, కంటిపాప ఆవగింజంత అవుతుంది, ఊపిరితిత్తుల్లో నీరు నిండుతుంది. అట్రోపిన్ పడేకొద్దీ నోరు ఎండాలి. నోరు ఎండితే మాకు పండగ. కోటయ్య నోరు కొంచెం ఎండుతుంది, మళ్ళీ నురగ వస్తుంది. మళ్ళీ సూది, మళ్ళీ నురగ. డ్యూటీ డాక్టరు లావణ్య కొత్తగా చేరిన అమ్మాయి. కంటిపాప మీదికి టార్చి వేసి చూడటం, మోతాదు పెంచడం, మళ్ళీ చూడటం. “ఇంత ఇచ్చినా ఎందుకు నిలబడట్లేదు?” అని తనలో తనే గొణుక్కుంటోంది. ఊపిరి గరగరలాడుతోంది. ఇలాగే సాగితే సాయంత్రం దాటడని ఆ గదిలో అందరికీ తెలుసు, తలుపు దగ్గర నిలబడ్డ నాగేంద్రమ్మతో సహా.

ఆమె లోపలికి వచ్చినప్పుడల్లా ఒకటే మాట. “తాగలేదయ్యా, కొట్టాడు. తాగలేదు, కొట్టాడు.”

“ఏడవకమ్మా, బయట కూర్చో” అని ఆయా బయటికి పంపేది. భర్త తాగాడని ఏ భార్యా ఒప్పుకోదని మా అందరికీ గట్టి నమ్మకం. అలాంటి నమ్మకాలు ఆసుపత్రిలో మందుల కంటే ఎక్కువ నిల్వ ఉంటాయి.

చెయ్యి

నేను వెళ్ళేసరికి కోటయ్య కుడిచేతిని గుడ్డపేలికతో మంచం పట్టెకి కట్టేసి ఉంది.

“ఇదేంటి?”

“ఫిట్స్ బ్రదర్” అన్నాడు వార్డుబాయ్. “చెయ్యి ఊరికే కొట్టుకుంటున్నాడు, సెలైన్ సూది ఊడిపోతోంది.”

ఫిట్స్ అయితే ఒక్క చేతికే ఎందుకొచ్చాయని నాకు అనుమానం. దానికంటే ముందు ఒక అలవాటు. బెడ్‌పాన్లు మోసిన వారంలో సిస్టర్ ఫిలోమినా నాకు ఎక్కించిన అలవాటు: స్పృహ ఉన్నా లేకపోయినా ముందు మంచం మీద మనిషిని అడగాలి. జవాబు రాదని తెలిసి అడగడం వెర్రిగానే ఉంటుంది. వార్డుబాయ్‌లు నన్ను చాలాసార్లు వెక్కిరించారు.

అతని చెవి దగ్గర వంగాను. “కోటయ్యా, నేను బ్రదర్ని. ఏం జరిగింది?”

కళ్ళు తెరిచాడు. నోరు నిండా నురగ, మాట లేదు. కట్టేసిన చెయ్యి పట్టెని లాగింది. నేను కట్టు విప్పాను.

చెయ్యి పక్కకి వచ్చింది, నడుం ఎత్తున. పిడికిలి బిగించి, పైకీ కిందికీ. పైకీ కిందికీ. ఆగింది. మళ్ళీ పైకీ కిందికీ.

మిరప రైతు కొడుకుని. వీపున డబ్బా తగిలించుకుని పంపు పిడి కొడుతున్న చెయ్యి ఎలా కదులుతుందో నాకు ఒకరు చెప్పాలా? ఊళ్ళో పుట్టిన ఎవరికైనా తెలుసు. ఆ వార్డుబాయ్ కూడా పత్తి రైతు కొడుకే. కాని అతనికి ముందే ఎవరో ‘తాగుడు కేసు’ అని చెప్పారు. చెప్పాక ఇంక కళ్ళతో పనేముంది?

“కొట్టావా? చేలో మందు కొడుతున్నావా?”

చెయ్యి ఆగింది. పిడికిలి విప్పాడు. నెమ్మదిగా భుజం మీదుగా వెనక్కి పోనిచ్చి, వీపు చూపించాడు.

నేనూ లావణ్య డాక్టరూ అతన్ని పక్కకి ఒత్తిగిలించాం. చొక్కా వీపున మెడ నుంచి నడుం దాకా తడిసి అంటుకుపోయి ఉంది. చెమట కాదు. డబ్బా కారింది. రెండు మందులు కలిపిన నీళ్ళు ఎండలో పొద్దుటి నుంచీ వీపు మీదికి కారాయి. ఆ తడి చొక్కాతోనే అతన్ని రెక్సిన్ పరుపు మీద వెల్లకిలా పడుకోబెట్టాం. పరుపు మీద కూడా తడి నిలిచి ఉంది. మేం కడుపు కడిగాం. అందులో ఏమీ లేదు. విషం వీపులోంచి తాపీగా లోపలికి పోతూనే ఉంది, మేం పైనుంచి సూదులు పొడుస్తూనే ఉన్నాం. అడుగున కన్నం ఉన్న కుండలో నీళ్ళు పోయడానికి నలుగురం, పర్యవేక్షణకి ఒక మేనేజరూ.

లావణ్య డాక్టరు మొహం తెల్లబోయింది. ఒక్క క్షణమే. “బట్టలు తీసేయండి. కత్తిరించండి. సబ్బు, నీళ్ళు, ఇప్పుడే. గ్లోవ్స్ వేసుకోండి” అంది. అంతటితో ఆగలేదు. బయటికి వెళ్ళి నాగేంద్రమ్మ ముందు నిలబడి, “అమ్మా, మీరు చెప్పింది నిజం. మేం వినలేదు. ఏ మందులు కలిపాడు?” అని అడిగింది. నా ఉద్యోగంలో ఒక డాక్టరు అలా అడగడం నేను చూసిన సందర్భాలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అందులో రెండు ఈవిడవే.

చొక్కా, పంచె కత్తిరించి ప్లాస్టిక్ సంచిలో కట్టాం. పరుపు బయట పారేశాం. తల, మెడ మడతలు, చెవుల వెనక, గోళ్ళ కింద, వీపంతా రుద్ది కడిగాం. నాగేంద్రమ్మ తనకీ గ్లోవ్స్ ఇమ్మని లోపలికి వచ్చింది.

“గేదెని కడిగినట్టు కడగమంటావా బాబూ?”

“అంతకంటే బాగా అమ్మా.”

“గేదైతే ఈపాటికి తన్నేది. ఈయనకి ఎప్పుడూ తన్నడం రాదు” అని, కళ్ళు తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేక, భుజానికి మొహం రాసుకుని మళ్ళీ రుద్దింది.

చీకటి పడకముందే నోరు ఎండింది. నురగ మళ్ళీ రాలేదు. కంటిపాప విచ్చుకుంది. గరగర తగ్గింది. లావణ్య డాక్టరు టార్చి ఆర్పి గోడకి చేరగిలబడింది. అతను బతికాడు.

చెప్పుకోవడానికి బాగానే ఉంది. కాని నా కోపం అక్కడే మొదలవుతుంది. అతన్ని బతికించింది ఏమిటి? అతని చెయ్యే. ఊపిరి ఆడకుండా, నోట మాట లేకుండా, అందరూ ఫిట్స్ అంటున్నా, కట్టేసినా, చెప్పాల్సింది చెప్పడం మానలేదు. మేం ఆ చేతిని కట్టేశాం. సెలైన్ సూది ఊడుతోందని! పడి ఉన్నట్టు కనిపిస్తాడు, అందరికన్నా ఎక్కువ పని అతనే చేస్తున్నాడు అని సిస్టర్ ఎందుకందో నాకు ఆ పూట అర్థమైంది. అర్థం కావడానికి ఒక మనిషి అంత దూరం వెళ్ళాల్సి రావడం ఏం చదువు?

యజమానులు

మర్నాడు పొద్దున సుబ్బారావు వచ్చాడు. పెళ్ళి బట్టల్లోనే ఉన్నాడు. తిన్నగా వార్డులోకొచ్చి, “ఏడీ మా పేషెంటు?” అన్నాడు.

నాగేంద్రమ్మ మంచం పక్క స్టూలు మీద కూర్చుని కోటయ్యకి గంజి పడుతోంది. గ్లాసు కింద పెట్టింది.

“ఎవరి పేషెంటు?”

“అదేంది నాగేంద్రమ్మా, మన కోటయ్య...”

“నీ పేషెంటేంది? నా మొగుడు. తాగాడని నువ్వేనంట చెప్పింది ఫోన్లో? చూశావా నువ్వు? గ్లాసు అందించావా?”

“కేకలెయ్యమాక, ఆసుపత్రి ఇది.”

“ఆసుపత్రే. పెళ్ళనుకుని వచ్చింది నువ్వు.”

వార్డంతా విన్నది. కనిగిరి ముసలమ్మ తన మంచం మీంచి, “అట్టా అడుగు తల్లీ” అంది. సుబ్బారావు పెద్ద డాక్టరు గారి గదిలోకి వెళ్ళి చాలాసేపు కూర్చున్నాడు. తరవాత నన్ను పిలిచారు.

పెద్ద డాక్టరు గారు చెడ్డమనిషి కాదు. ఆపరేషన్ టేబుల్ దగ్గర ఆయన చేతులు చూస్తే దండం పెట్టాలనిపిస్తుంది. ఆ చేతులు టేబుల్ దగ్గరి నుంచి కుర్చీ దగ్గరికి వచ్చేసరికి వేరే మనిషివి అయిపోయేవి.

“శ్రీనివాస్, ఆర్‌ఎంపీలతో పెట్టుకోకూడదు. మనకి పేషెంట్లు వాళ్ళ వల్లే వస్తారు.”

“జబ్బుల వల్ల వస్తారనుకున్నాను సార్.”

“జోకులొద్దు.”

“సరే సార్. సుబ్బారావు మాట విని ఉంటే ఈపాటికి కోటయ్య పోయేవాడు. ఇది జోకు కాదు సార్.”

ఆయన పెన్నుకి మూత పెట్టారు. “బతికాడు కదా” అన్నారు.

ఈ మాట జాగ్రత్తగా వినండి పిల్లలూ, మీకూ చెబుతారు. ‘బతికాడు కదా’ అంటే ‘ఇక మాట్లాడకు’ అని అర్థం. పోతే మాట్లాడనివ్వరు, బతికితే మాట్లాడాల్సిన అవసరమేంటంటారు. మనం నోరు విప్పడానికి పేషెంటు ఆ రెంటికీ మధ్య ఎక్కడో ఉండాలి కాబోలు. నేను మాత్రం ఆ రోజు నుంచీ వార్డులో ఒక పని మొదలుపెట్టాను. డాక్టర్లు ఆర్‌ఎంపీని ఏదైనా అడిగినప్పుడు, అదే ప్రశ్న నేను మంచం మీద మనిషిని గట్టిగా మళ్ళీ అడిగేవాణ్ణి. “ఆకలి ఉందా సుబ్బారావూ?” అని వాళ్ళు, “ఆకలి ఉందా మామ్మా?” అని నేను. మొదట్లో విసుక్కున్నారు. తరవాత కొందరు నా పోరు భరించలేక తామే ముందు మంచం వైపు తిరిగి అడగటం నేర్చుకున్నారు. సంస్కరణ అనేది చాలాసార్లు ఇలా విసుగుతోనే జరుగుతుంది.

పంపినవారు

కొన్ని వారాల తరవాత కోటయ్య, నాగేంద్రమ్మ చూపించుకోవడానికి వచ్చారు. అతను ఇంకా నీరసంగానే ఉన్నాడు. కొత్త చొక్కా వేసుకున్నాడు. నేను రిసెప్షన్ పక్కనే నిలబడి ఉన్నాను. ఆ అమ్మాయి తల ఎత్తకుండా అడిగింది.

“ఎవరి పేషెంటు?”

అంత జరిగాక కూడా అదే ప్రశ్న! నాకు నెత్తురు పొంగింది. నాగేంద్రమ్మ చీర కొంగు దోపుకుంది. కాని కోటయ్య చెయ్యి అడ్డంపెట్టి ఆమెని ఆపాడు. నాలుగు మాటలు కలిపి మాట్లాడగా నేనెప్పుడూ వినని మనిషి.

“నాకు నేనేనమ్మా.”

“అట్లా కుదరదండీ. పంపినవారు అని ఉంది, ఎవరో ఒకరి పేరు కొడితేగాని కంప్యూటర్ ముందుకి పోదు.”

“అయితే కోటయ్య అని కొట్టు.”

ఆ అమ్మాయి నా వైపు చూసింది. కొట్టమని తల ఊపాను. పేరు: కోటయ్య. పంపినవారు: కోటయ్య. కంప్యూటర్ ఏ అభ్యంతరం చెప్పకుండా ముందుకి పోయింది.

ఆ సంగతి అందరం మర్చిపోయాం. మా మేనేజరు మాత్రం దీపావళికి, ఏటా చేసినట్టే, పంపినవారందరికీ తలా ఒక మిఠాయి పెట్టె పంపించాడు. పేర్లు కంప్యూటర్ ఇచ్చింది. పండగ వెళ్ళాక వార్డు ఫోన్ మోగింది. నాగేంద్రమ్మ.

“శీనయ్యా, మీ ఆసుపత్రోళ్ళు మా ఆయనకి పెట్టెడు మిఠాయి పంపారు. ఎందుకు బాబూ? మళ్ళీ మందు కొట్టమనా?”